పాత చీర మీదే చేయి తిరగాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క పని గురించే, మిషన్ మీద బొంత కుట్టడం. ఫోన్లో క్విల్టింగ్ వీడియోలు చూసి చాలామందికి ఆశ పుట్టినట్టుంది, మంచిదే. బొంత మనకు కొత్తేమీ కాదు. ఎండకాలం వచ్చిందంటే వాకిట్లో చాప పరిచి, పాత చీరలు ఒకదాని మీద ఒకటి వేసి, నాలుగు మూలలా ఆడవాళ్ళు కూర్చుని కుట్టేవాళ్ళు, ఆ బొంతల మీదే మనమంతా పెరిగాం. అదే పనిని మిషన్ మీదికి తెచ్చేసరికి కొన్ని లెక్కలు మారతాయి. అందుకే ఈ నెల బ్లౌజుల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు జాకెట్లు, డ్రెస్సులు కుట్టడం వచ్చు. క్విల్టింగ్ నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో మధ్యలో వేసే దూది షీటు, రంగురంగుల కాటన్ పీసులు తెప్పించుకున్నాను. రెండు వేలు దాటింది. కుట్టిన మొదటిదే ముడతలు పడి పాడైపోయింది. మిగిలిన బట్ట ముట్టుకోవాలంటే భయమేస్తోంది. తక్కువ పైసలతో నేర్చుకునే దారి ఉంటే చెప్పండి.
– ఒక చెల్లి, హన్మకొండ

జవాబు: చెల్లీ, మిగిలిన ఆ బట్టను మడతపెట్టి బీరువాలో పెట్టేయ్. అది ఎక్కడికీ పోదు, నీ చేయి కుదిరాక బయటికి తీద్దువు. ఖరీదైన బట్ట చేతిలో ఉన్నంతసేపు పాడవుతుందేమో అని మనసు పీకుతూనే ఉంటుంది, దాంతో వేళ్ళు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతికింద బట్ట సాఫీగా జరగదు. నేను ఎంతోమందికి నేర్పాను, కొత్త బట్టతో మొదలుపెట్టినవాళ్ళ కంటే పాత చీరతో మొదలుపెట్టినవాళ్ళే తొందరగా నేర్చుకున్నారు. పోతే పోయింది అనుకునే బట్ట మీదే చేయి తిరుగుతుంది.

ఇంట్లో ఒక పాత కాటన్ చీర వెతుకు. చీర ఐదున్నర మీటర్లు, అంటే ఇంచుమించు 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు అనుకుందాం. 14 అంగుళాల చదరాలు కోస్తే అడ్డంగా 3, పొడవునా 15, మొత్తం 45 వస్తాయి. పలచబడ్డ చోట్లు, చిరుగులు తీసేసినా 40 మిగులుతాయి. పైన ఒకటి, కింద ఒకటి లెక్కన ఇరవై ముక్కల సాధన ఒక్క చీరలో అయిపోతుంది. ఇక మధ్యలోకి పాత తువ్వాల చాలు. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవున్న స్నానం తువ్వాలలో అవే చదరాలు 8 వస్తాయి. తువ్వాల లేకపోతే పాత చద్దరు రెండు మడతలు వెయ్యి. నీళ్ళు తాగి తాగి పలచబడ్డ షోలాపూర్ చద్దరైతే ఒక మడతే సరిపోతుంది, కాకపోతే సూది 16 నంబరు పెట్టుకోవాలి. మామూలు వాటికి 14 చాలు.

కోసే ముందు అన్నిటినీ ఒకసారి ఉతికి ఆరెయ్యి. పాత చీర కాబట్టి పెద్దగా కుంచించుకుపోదు, అయినా రంగు దిగేదేదో ముందే తెలుస్తుంది. తర్వాత చీర ముక్కలకు గంజి పెట్టు. మెత్తబడిన పాత కాటన్ సూది కింద అటూ ఇటూ పారిపోతుంది, సూది రంధ్రంలోకి కూడా లాక్కుపోతుంది. గంజి పెట్టి కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. అన్నం వార్చిన గంజే చాలు, పలచగా కలుపు. గంజి పెట్టిన ముక్కల్ని నెలలకొద్దీ మూటగట్టి దాచకు, పురుగు పడుతుంది.

ఇప్పుడు నేల తుడిచి, కింది ముక్కను తిరగేసి పరిచి, నాలుగు వైపులా టేపుతో నేలకు అతికించు. మరీ లాగి అతికిస్తే టేపు తీయగానే అది ముడుచుకుపోతుంది, ముడత లేకుండా ఉంటే చాలు. దానిమీద తువ్వాల ముక్క, ఆ పైన చీర ముక్క. పైది అన్ని వైపులా ఒక అంగుళం తక్కువ కోసుకో, కుట్టేకొద్దీ అంచులు జరుగుతాయి. నడిమధ్య నుంచి అరచేత్తో బయటికి నిమురుతూ వచ్చి, బెత్తెడుకొకటి పిన్నీసు పెట్టు. గుండుసూదులు వద్దు, మూడు పొరల్లో అవి నిలవవు, చేతికి గుచ్చుకుంటాయి. పిన్నీసులు తక్కువుంటే చేత్తో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వెయ్యి, మన అమ్మలు చేసింది అదే.

నా మొదటి ముక్క మా అమ్మ నీలం చీరది, ఆకుపచ్చ అంచు. వెనక తిప్పి చూస్తే దారం గూళ్ళు గూళ్ళుగా చిక్కుపడి, ఒక మూల బట్ట మడతపడి కుట్టులో పోయింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది, నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకు ముందు దాన్నే చూపిస్తాను. చూశాక వాళ్ళ భుజాలు కిందికి దిగుతాయి, అప్పుడు మిషన్ ముందు కూర్చోబెడతాను.

ప్రశ్న: మా అమ్మమ్మ బొంత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి మధ్యకు వచ్చేది, ఎక్కడా ముడత ఉండేది కాదు. నేను మిషన్ మీద అట్లాగే చేస్తే నడిమధ్యలో బట్ట ఉబ్బి, వెనక మడతలు పడుతున్నాయి. తప్పెక్కడ?
– పరకాల

జవాబు: చాలా మంచి ప్రశ్న. చేత్తో కుట్టేటప్పుడు బొంత నేల మీద కదలకుండా పరిచి ఉంటుంది, కదిలేది సూది. పైగా ప్రతి నాలుగు టాకాలకు ఒకసారి అమ్మమ్మ అరచేయి బట్టను సర్ది ఉంటుంది, ఆమెకు తెలియకుండానే. మిషన్ మీద సూది ఒకే చోట ఉంటుంది, బట్ట జరుగుతుంది. కింద ఉన్న పళ్ళు కింది పొరను ముందుకు లాగుతాయి, పైనున్న ఫుట్ పై పొరను అదిమిపట్టి వెనక్కి ఆపుతుంది. ఒక్క టాకాలో ఆ తేడా కంటికి కనబడదు, ఒక గీత పొడవునా జమైతే వేలెడు బట్ట మిగులుతుంది. అంచు నుంచి లోపలికి వస్తే ఆ మిగిలిన బట్టకు పోయే దారి లేదు, మధ్యలో చిక్కుకుంటుంది. నువ్వు చూస్తున్న ఉబ్బు అదే. కాబట్టి మిషన్ మీద ఎప్పుడూ నడిమధ్య గీత ముందు కుట్టాలి, ఆ తర్వాత దాని కుడివైపు అంచు దాకా, ఆపైన బట్ట తిప్పి రెండో సగం.

ఫుట్ ఒత్తిడి తగ్గించు. నల్ల మిషన్లకు ఫుట్ రాడ్డు పైన, తల మీద ఒక స్క్రూ ఉంటుంది, అది కొంచెం కొంచెం వదులు చేస్తూ చూడు. టాకా పెద్దది చెయ్యి, జాకెట్టుకు పెట్టే చిన్న టాకా ఇక్కడ పనికిరాదు. మూడు, మూడున్నర మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఏడెనిమిది టాకాలు పడాలి. బట్టను వెనక నుంచి లాగకు, ముందు నుంచి తొయ్యకు, రెండు చేతులూ సూదికి అటూ ఇటూ బల్లపరుపుగా పెట్టి దారి చూపిస్తే చాలు. బరువు కిందికి వేలాడినా టాకా చిన్నాపెద్దా అవుతుంది, ఎడమ పక్కన ఒక స్టూలు వేసుకుని బట్ట దానిమీద ఉండేలా చూసుకో.

వాకింగ్ ఫుట్ అని ఒకటి దొరుకుతుంది, దానికీ పళ్ళుంటాయి, పై పొరను కూడా కింది దానితో పాటు నడిపిస్తుంది. పెద్ద బొంత కుట్టే రోజు వస్తే కొనుక్కో, మీ మిషన్‌కు సరిపోతుందో లేదో షాపులో బిగించి చూసుకున్నాకే పైసలివ్వు. 14 అంగుళాల ముక్కలకు అది లేకుండానే పని జరుగుతుంది.

ప్రశ్న: పైన కుట్టు అందంగా ఉంటుంది, వెనక తిప్పితే దారం ఉండలు. ఒక్కోసారి దారం పటపటా తెగుతుంది. దారం బిగుతు మార్చే టెన్షన్ నట్టు ఎంత తిప్పినా ఫలితం లేదు, నాకే టెన్షన్ పెరుగుతోంది.
– మంచిర్యాల

జవాబు: నట్టు జోలికి ఇప్పుడే పోవద్దు. వెనక ఉండలు కడితే పదింట తొమ్మిదిసార్లు తప్పు పై దారంలోనే ఉంటుంది. ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసేసి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్ కిందికి దించి ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, పట్టు దొరకదు. సూదికి ఒకవైపు నిలువునా పొడుగు గాడి ఉంటుంది, గోటితో రాస్తే తెలుస్తుంది, దారం ఎప్పుడూ ఆ గాడి ఉన్న వైపు నుంచే దూర్చాలి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి బాబిన్ దారాన్ని, అంటే కింది దారాన్ని, పైకి లాగి, రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని మొదటి మూడు నాలుగు టాకాలు వేయండి. ఈ ఒక్క అలవాటుతో మొదట్లో కట్టే ఉండలు పోతాయి.

అన్నీ సరిగా ఉండీ తేడా ఉంటే అప్పుడు టెన్షన్. సాధన ముక్కలకు పైన ఎర్ర దారం, బాబిన్‌లో పచ్చ దారం పెట్టండి. వెనక వైపు ఎర్ర చుక్కలు లేదా ఎర్ర దారం తీగలా సాగి కనిపిస్తే పై టెన్షన్ వదులుగా ఉందని అర్థం. పైన పచ్చ చుక్కలు తేలితే పై టెన్షన్ బిగుతైంది. నట్టును పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా, తిప్పిన ప్రతిసారీ ఒక జానెడు కుట్టి చూసుకోండి. ఒకే రంగు దారంతో ఈ తేడా కంటికి పట్టదు.

దారం తెగడానికి ఇంకో కారణం దారమే. ఏళ్ళ నాటి రీలు దారం ఎండి పెళుసుబారుతుంది. ఒక మూర తీసి రెండు చేతులతో గుంజి చూడండి, పుటుక్కున తెగితే దాన్ని కచ్చా కుట్లకు వాడుకోండి, మిషన్‌కు వద్దు. బట్ట ఎంత పాతదైనా ఫర్వాలేదు గానీ దారం, సూది మాత్రం మంచివి ఉండాలి, ఆ రెండూ చెడ్డవైతే మీ చేతిలో లేని లోపానికి మిమ్మల్ని మీరు తిట్టుకుంటారు. ఎనిమిది పది గంటలు కుట్టాక సూది మార్చేయండి. తువ్వాల నుంచి పీచు బాగా రాలుతుంది, రెండు ముక్కలకొకసారి బాబిన్ కేసు తీసి పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చండి, ఒక చుక్క మిషన్ నూనె వేయండి. మిషన్ నూనే వేయాలి. మా ఇంట్లో ఒకప్పుడు కొబ్బరినూనె వేసేవాళ్ళం, చలికాలం వచ్చేసరికి లోపల గడ్డకట్టి చక్రం కదిలేది కాదు.

ప్రశ్న: వదినా, మా అత్తగారి కాలం నాటి తొక్కుడు మిషన్ ఉంది, నల్లది. వీడియోల్లో వాళ్ళు తీగలు, పూలు, మెలికలు బట్టను ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ కుడుతున్నారు. దానికి కరెంటు మిషన్ కావాలా? నా మిషన్‌కు పళ్ళు కిందికి దిగవు.
– జమ్మికుంట

జవాబు: వదినా, ఉన్న మిషన్‌ను అమ్మేయకు! ఈ పనికి తొక్కుడు మిషన్ ఒకందుకు కరెంటు మిషన్ కంటే మేలు. వేగం మొత్తం నీ పాదంలో ఉంటుంది, ఒక్కొక్క టాకా వేసుకుంటూ పోవచ్చు, రెండు చేతులూ ఖాళీ. చేత్తో తిప్పే మిషన్‌కే కష్టం, ఒక చేయి చక్రం దగ్గరే ఉండిపోతుంది కదా.

నిజానికి ఇది మనవాళ్ళకు తెలిసిన పనే. రింగు బిగించి, ఫుట్ తీసేసి జాకెట్ల మీద మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు చేసేదీ ఇదే, బట్టను చేత్తో నడపడం. పళ్ళు దిగని మిషన్‌కు కుట్టు పొడవు సున్నాకు తెచ్చి, పళ్ళ మీద ఒక పాత పేకముక్కను పరిచి, సూది దిగే చోట రంధ్రం చేసి, చుట్టూ టేపు వెయ్యి. పళ్ళు ఉన్నా బట్టకు తగలవు. ఫుట్ స్థానంలో డార్నింగ్ ఫుట్ పెట్టుకో, స్ప్రింగుతో సూదితో పాటు పైకీ కిందికీ ఎగురుతుంది, మిషన్ సామాను అమ్మే షాపుల్లో అడుగు. ఫుట్ లేకుండా కుట్టొద్దు, మూడు పొరల బట్ట సూదితో పాటు పైకి లేచి టాకాలు వదిలేస్తుంది, వేలు సూది కిందికి పోయే ప్రమాదమూ ఉంది. ఏ ఫుట్ పెట్టినా మీట కిందికి దించడం మరిచిపోకు, దించకపోతే పై దారానికి టెన్షనే ఉండదు, వెనకంతా గూడు కడుతుంది. డార్నింగ్ ఫుట్ బట్టను అదమదు కాబట్టి దించామా లేదా అన్నది చూపుకు తెలియదు, అందుకే కొత్తవాళ్ళంతా ఇక్కడ తప్పుతారు.

ఇక చేయి. పళ్ళు బట్టను నడిపేటప్పుడు టాకా సైజు మిషన్ చూసుకుంటుంది. ఇప్పుడు ఆ బాధ్యత నీది. పాదం ఒకే వేగంతో తొక్కుతుండగా చేయి వేగంగా జరిపితే టాకా పొడుగు, నెమ్మదిగా జరిపితే చీమతలలాంటి చిన్న టాకాలు. మెలిక తిరిగే చోట మనందరం చేయి దూకిస్తాం, అప్పుడే వెనక దారం వంపు మీద వెంట్రుకల్లా సాగి కనిపిస్తుంది. వంపులో చేతిని నెమ్మది చెయ్యి, పాదాన్ని కాదు.

నువ్వు పొద్దున్నే వాకిట్లో వేసే మెలికల ముగ్గు గుర్తు తెచ్చుకో. చుక్కల చుట్టూ గీత ఎక్కడా ఆగకుండా తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. పిండి పడేది వేళ్ళ కింద, నీ చూపు మాత్రం తర్వాత తిరగాల్సిన చుక్క మీద ఉంటుంది. అదే చూపు ఇక్కడా కావాలి. సూదిని చూస్తూ కుడితే గీత వణుకుతుంది, సూదికి ఒక అంగుళం ముందు చూడు. బట్ట మీద టైలరింగ్ సుద్దతో రెండేసి అంగుళాల దూరంలో చుక్కలు పెట్టి నీకు బాగా వచ్చిన ముగ్గునే కుట్టు. బాల్ పెన్ను వాడకు, మరక పోదు. ఎక్కడ ఆగాలన్నా సూది బట్టలో దిగి ఉండగానే ఆగు, చేతులు సర్దుకుని మళ్ళీ కదులు. సూది పైకి ఉండగా ఆగితే బట్ట రవ్వంత జరిగి గీతలో మెట్టు పడుతుంది.

బట్ట కంటే ముందు కాగితం. పాత పేపరు రెండు మడతలు వేసి, అరిగిపోయిన సూది పెట్టి, దారం లేకుండా కుట్టు. కుట్టు సెంటర్లలో మొదటి రోజు అందరికీ ఇదే నేర్పుతారు కదా, అప్పుడు తిన్నని గీతలు, ఇప్పుడు మెలికలు. ముందు ‘ల’ అక్షరాన్ని చేయి ఎత్తకుండా గొలుసులా రాస్తున్నట్టు వరస పొడవునా కుట్టు. అది కుదిరాక జిలేబి చుట్టలు. చుట్టలో కిటుకు ఒకటే, లోపలికి తిరుగుతూ వెళ్ళేటప్పుడే రెండు గీతల మధ్య బయటికి వచ్చే దారి వదలాలి, లేకపోతే మధ్యలో ఇరుక్కుపోతావు. పేపరును వెలుతురుకు పట్టి చూడు, రంధ్రాల మధ్య దూరమే నీ టాకా, ఎక్కడ దూకావో ఎక్కడ నిలబడ్డావో మొత్తం అందులో కనిపిస్తుంది. రోజూ పావుగంట, ఒక వారం ఇది చెయ్యి.

చేతులు జారుతుంటే నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగులు రెండు మూడు కొనుక్కో, లేదా హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రబ్బరు చుక్కల చేతితొడుగులు. గట్టిగా అదిమిపెట్టే అవసరం లేకపోతే భుజాలు నొప్పి పుట్టవు. ఇంకో మాట, తొక్కుడు మిషన్ చక్రం ఒక్కసారి వెనక్కి తిరిగినా దారం తెగుతుంది. ఆగి మొదలుపెట్టిన ప్రతిసారీ కుడిచేత్తో చక్రాన్ని ముందుకు అందించి, ఆ తర్వాతే చేయి బట్ట మీదికి తీసుకురా.

ప్రశ్న: అక్కా, నేను సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాను. మా ఇంట్లో, చుట్టుపక్కల పాలిస్టర్ ముక్కలు, కట్టకుండా మిగిలిన బతుకమ్మ చీరలు చాలా ఉన్నాయి. రాత్రి షిఫ్టు లేనప్పుడు మా ఆవిడ మిషన్ మీద నేనే కుట్టి చూద్దామనుకుంటున్నా. ఇవి పనికొస్తాయా? ఏది కాటన్, ఏది కాదు అని ఖాయంగా ఎట్లా తెలుస్తుంది?
– సిరిసిల్ల

జవాబు: తమ్ముడూ, నడుస్తున్న సాంచా మీద తెగిన ఒక్క పోగును చూపుతోనే పట్టేవాడివి, టాకా తేడా నీ కన్ను దాటిపోదు, తప్పకుండా కుట్టు. అయితే ఆ చీరలతో మొదలుపెట్టకు. 2017లో పంచడం మొదలైన బతుకమ్మ చీరలు పాలిస్టర్ నూలువి. జారుతాయి, గంజి పట్టవు, ఇస్త్రీ కాస్త వేడెక్కితే అంటుకుంటాయి. చేయి ఇంకా కుదరనప్పుడు జారే బట్ట ఇస్తే తప్పు నీదో బట్టదో తేలదు. మీ దగ్గరే లంగాలకు నేసే కాటన్ కోరా బట్ట దొరుకుతుంది, కొస ముక్కలు అడిగి తెచ్చుకుని, ఒకటికి రెండుసార్లు ఉతికి వాడు. కోరాలో నేతకు పెట్టిన గంజి ఉంటుంది, ఉతక్కుండా కుడితే తర్వాత కుంచించుకుపోయి బొంతంతా ముడుచుకుంటుంది.

అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి, నీళ్ళ పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టు. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే బూడిద పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ అయితే మంటకు ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన నూలైతే కొంత బూడిద, కొంత పూస.

ఇరవై ముక్కలయ్యాక ఆ చీరలు బయటికి తియ్యి. పైకి పాలిస్టర్, కిందికి కాటన్ పెట్టు, అప్పుడు రెండు పక్కలా జారదు. కచ్చా కుట్లు మూడు వేళ్ళకొకటి వెయ్యి, సూది కొత్తది, 11 లేదా 14 నంబరు, మొద్దుబారిన సూది పాలిస్టర్‌లో పోగును లాగేస్తుంది. ఆ చీరల మీది జరీ గీతలు నీకు తయారుగా ఉన్న గీతలే, సుద్ద అక్కర్లేకుండా వాటి పక్కనే కుట్టుకుంటూ పోవచ్చు. వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే మసిగుడ్డలకు మాత్రం పాలిస్టర్ వద్దు, కరిగి చేతికి అంటుకుంటుంది.

ప్రశ్న: మాకు చేన్లో పత్తి ఉంది, ఇంట్లో పాత వరంగల్ జంపఖానా కూడా ఉంది. కొనుడెందుకు, బొంత నడుమ ఇవి వేస్తే కాదా బిడ్డా?
– నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దమ్మ, మనవరాలితో రాయించిన ఉత్తరం

జవాబు: పెద్దమ్మా, రెండూ వద్దు. జంపఖానా నేతే మందం, ఇంటి మిషన్ సూది అందులో దిగదు, దిగినా విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కొత్తవాడ మగ్గాల మీద ఒక్కొక్కటీ చేత్తో నేసినవి. చిరిగినా దాన్ని కోయకండి, అంచు చేత్తో కుట్టించి కింద పరుచుకోండి, ఇంకో పదేళ్ళు ఉంటుంది.

చేను పత్తికి గింజ తీయాలి, ఏకాలి. ఏకిన దూదైనా విడిగా పరిస్తే మిషన్ ఫుట్ దాన్ని ముందుకు తోసుకుంటూ పోతుంది, ఒక చోట గుట్ట, ఒక చోట ఖాళీ. విడి దూదికి చేతి కుట్టే సరి. మనవరాలికి మీ పాత చద్దరు ఇచ్చి మిషన్ మీద కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డకు నా చేత్తో మిషన్ బొంత కుట్టాలని ఉంది. మూడు నెలల్లో అవుతుందా? ఎంత సాధన చేశాక అసలు బట్ట ముట్టుకోవచ్చు?
– కరీంనగర్

జవాబు: అక్కా, అవుతుంది, మీకు సంతోషంగా చెబుతున్నాను. రోజుకు అరగంట దొరికితే చాలు. మొదటి నెల చదరపు ముక్కల మీద తిన్నని గీతలు, మధ్య నుంచి బయటికి. ప్రతి ముక్క మీద మూలన తేదీ రాసి, ఏ సూది, టెన్షన్ ఎంత, టాకా ఎంత అన్నది పక్కనే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ఏదీ విప్పొద్దు. తప్పు పడ్డ చోట విప్పుతూ కూర్చుంటే విప్పడమే నేర్చుకుంటాం, పక్కన ఇంకో గీత వేయండి. ఇరవై ముక్కలు అయ్యాక మొదటిదీ ఇరవయ్యోదీ పక్కపక్కన పెట్టి వెనక వైపు తిప్పి చూడండి. వెనక కూడా టాకాలు ఒక్క తీరుగా ఉంటే మీరు తయారైనట్టు. లేకపోతే ఇంకో పది. ఈ ముక్కలేవీ వృథా పోవు. నాలుగు కలిపి అతికితే గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది, కాటన్‌వి మడిచి కుడితే మసిగుడ్డలు.

రెండో నెల మధ్యలో అసలు బొంత మొదలుపెట్టండి. చిన్నపిల్లలకు గజం పొడవు, గజం వెడల్పు, అంటే 36 అంగుళాల చదరం సరిపోతుంది, ఇంటి మిషన్ మెడ కిందికి చుట్టచుట్టి తోయడానికి కూడా వీలుగా ఉంటుంది. పైకి మీ కట్టుడు చీరే వాడండి, కొత్త బట్ట కొనకండి. ఎన్నో ఏళ్ళు ఉతికిన కాటన్ అంత మెత్తన కొత్తదానికి ఎక్కడిది? మధ్యలోకి తువ్వాల వద్దు, బరువెక్కుతుంది, ఆరదు. పాత చీరే ఇంకో రెండు మడతలు వేయండి. వానాకాలంలో పుట్టే బిడ్డైతే పలచగా ఉన్నదే తొందరగా ఆరుతుంది. మెలికల జోలికి పోకుండా రెండు వేళ్ళ ఎడంతో తిన్నని గీతలు, ఒక దిక్కువన్నీ అయ్యాక అడ్డంగా ఇంకోసారి, గళ్ళు పడేలా. గీతలు తిన్నగా రావడానికి చీర అంచునే కొలతగా పెట్టుకోండి.

చుట్టూ అంచుకు రెండున్నర అంగుళాల పట్టీలు కోసి, పొడుగునా రెండు మడతలుగా ఇస్త్రీ చేసి, పైవైపు మిషన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో కుట్టండి. బిడ్డ వంటికి తగిలేది అదే, చేతి కుట్టైతే గట్టిగా ఒరుసుకోదు. పూసలు, అద్దాలు, గుండీలు ఏవీ పెట్టొద్దు.

ఇంత బొంతకు బెత్తెడుకొకటి పెడితే దాదాపు ఎనభై నుంచి వంద పిన్నీసులు పడతాయి. పెట్టేటప్పుడే లెక్కపెట్టి ఎన్నో కాగితం మీద రాసుకోండి. కుట్టేకొద్దీ తీసినవి ఒక డబ్బాలో వేస్తూ, చివర్లో డబ్బా లెక్క, కాగితం లెక్క సరిపోయాకే గంజి పోయేలా రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి బిడ్డ కింద పరవండి. ఒక్కటి తక్కువొచ్చినా బొంతంతా అరచేత్తో తడిమి వెతికిందాకా అమ్మాయికి ఇవ్వకండి.